సర్వర్ ఆన్ చేశాక సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేవకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, ఆదోని, అటు అనంతపురం, కడప దాకా చిన్న ఆసుపత్రుల్లో, స్కానింగ్ సెంటర్లలో, ఫొటో స్టూడియోల్లో, మిల్లు ఆఫీసుల్లో సర్వర్ అంటే చాలావరకు ఒకటే. షాపులో అసెంబుల్ చేయించిన టవర్ పీసీ, అందులో ఉబుంటునో డెబియనో రాకీ లైనక్సో, రెండు నుంచి ఆరు డిస్కులు, వాటిని కలిపి లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ (విడి డిస్కుల్ని కార్డు లేకుండా ఒకే డిస్కులా నడిపే ఏర్పాటు). ఈ పేజీ వాళ్ల కోసం. కార్డు పెట్టి నడిపే హార్డ్‌వేర్ రెయిడ్ సంగతులు ఇందులో లేవు.

కమాండ్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఎస్‌డీబీ, ఎండీ0 అని రాసినచోట మీ సర్వర్‌లో ఉన్న పేర్లు పెట్టుకోండి.

కరెంటు పోయి వచ్చింది, సర్వర్ లేవలేదు. డేటా పోయినట్టేనా సార్?

చాలాసార్లు పోదు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

రెయిడ్‌లో చేరిన ప్రతి డిస్కు మీదా సూపర్‌బ్లాక్ అని చిన్న రికార్డు ఉంటుంది. నేను ఏ రెయిడ్‌కి చెందినదాన్ని, నా వరుస సంఖ్య ఎంత, నాతోపాటు ఎంతమంది ఉండాలి, చివరిసారి ఎప్పుడు రాశారు అన్నవన్నీ అందులో ఉంటాయి. బూట్ అయ్యేటప్పుడు లైనక్స్ ఈ రికార్డులన్నీ చదివి లెక్క సరిపోతేనే రెయిడ్‌ని లేపుతుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తే తనంతట తాను సాహసం చేయకుండా ఆగిపోతుంది. అంటే మీ తెర మీద కనిపిస్తున్నది ఎక్కువ శాతం అనుమానం వల్ల ఆగడమే.

డేటా నిజంగా పోయేది ఆ తర్వాత, మన చేతుల్లో. మూడు పనులు మాత్రం చేయొద్దు. రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం కమాండ్‌ని --క్రియేట్‌తో కొట్టొద్దు. విడి డిస్కు మీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ రిపేర్ కమాండ్) నడపొద్దు. విండోస్ పీసీకి తగిలించి "ఇనీషియలైజ్ డిస్క్" అని అడిగితే ఓకే నొక్కొద్దు.

మరి మొదట ఏం చూడాలి?

/ప్రాక్/ఎండీస్టాట్ ఫైలు. క్యాట్ కమాండ్‌తో తెరిస్తే నాలుగైదు వరుసల్లో అసలు సంగతి తెలిసిపోతుంది. అక్కడ మీ రెయిడ్ పేరే లేకపోతే, డిస్కులే కనబడలేదు లేదా వాటిని కలపమని సిస్టమ్‌కి ఎవరూ చెప్పలేదు. పేరు ఉండి "ఇనాక్టివ్" అని ఉంటే కలపడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. "యాక్టివ్" అని ఉంటే రెయిడ్ బాగానే లేచింది, గొడవ మౌంట్ (రెయిడ్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడం) దగ్గర. ఈ మూడింటికీ మందులు వేరు. ఏది ఏదో తెలియకుండా నెట్‌లో దొరికిన కమాండ్ కొట్టినవాళ్ల సర్వర్లే చివరికి రికవరీ ల్యాబ్‌కి వెళ్తుంటాయి.

తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి డిస్కులన్నీ ఉన్నాయో లేదో లెక్క పెట్టండి. ఆ తర్వాత ప్రతి మెంబర్ (రెయిడ్‌లో చేరిన డిస్కు లేదా పార్టిషన్) మీదా ఎండీఏడీఎం --ఎగ్జామిన్ కొట్టి, వచ్చినదంతా ఫొటో తీసుకోండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఫైలుగా పెట్టుకోండి. ఈ కమాండ్ చదువుతుందే తప్ప ఏమీ రాయదు, ఎన్నిసార్లు కొట్టినా ప్రమాదం లేదు. ఏ రిపేరుకైనా ముందు ఇది చేతిలో ఉండాల్సిందే.

"ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని ఒకటిన్నర నిమిషం తిరిగి, ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతోంది.

ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ చేయాలో రాసే ఫైలు) రాసిన డిస్కు కోసం సిస్టమ్‌డీ (బూట్‌ని నడిపే ప్రోగ్రామ్) ఎదురుచూస్తోంది. మామూలుగా 90 సెకన్లు చూస్తుంది, అది రాకపోతే సర్వర్ మొత్తాన్ని ఎమర్జెన్సీ మోడ్‌లోకి తోసేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే ఎస్‌ఎస్‌డీ మీద ఉండి, డేటా మాత్రమే రెయిడ్ మీద ఉన్న చోట ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. ఎఫ్‌స్టాబ్‌లో ఆ వరుసకి నోఫెయిల్ అని జోడిస్తే రెయిడ్ లేకపోయినా సర్వర్ లేస్తుంది, మీరు ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూసుకోవచ్చు. ఆదోనిలో ఉన్న మిల్లు సర్వర్ కోసం కర్నూలు నుంచి రాత్రిపూట బండేసుకుని పోవాల్సిన పని తప్పుతుంది.

నోఫెయిల్‌తో ఒక చిక్కు ఉంది. రెయిడ్ మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది కదా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాంట్లోనే కొత్త డేటా రాయడం మొదలుపెడుతుంది. మర్నాడు రెయిడ్ లేచాక ఆ రోజు బిల్లులు మాయమైనట్టు కనిపిస్తాయి. అందుకని రెయిడ్ మౌంట్ కానప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ కొట్టి, అందులో ఎవరూ రాయకుండా కట్టేయండి.

అలాగే ఎఫ్‌స్టాబ్‌లో /డెవ్/ఎండీ0 అని రాయకండి. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) రాయండి. ఎండీఏడీఎం చూపించే యూయూఐడీ రెయిడ్‌ది, ఇక్కడ పనికిరాదు. రెండూ తారుమారు చేసి గంటలు గంటలు కొట్టుకునేవాళ్లు చాలామంది.

ఎమర్జెన్సీ మోడ్‌లో "రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్" అంటోంది. లోపలికి ఎట్లా పోవాల?

ఉబుంటులో రూట్‌కి (అడ్మిన్ అకౌంట్) పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి అలా అంటుంది. సిస్టమ్‌రెస్క్యూ (రిపేరు కోసం వాడే లైనక్స్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లోపలి డిస్కు మౌంట్ చేసి ఎఫ్‌స్టాబ్ సరిచేయండి. ఎండీఏడీఎం, స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు ఆరోగ్యం చూసేది), డీడీరెస్క్యూ (పాడవుతున్న డిస్కుకి నకలు తీసేది) మూడూ అందులో ఉంటాయి. ఈ పెన్‌డ్రైవ్ ఒకటి సర్వర్‌కే టేపుతో అంటించి పెట్టుకోవడం మంచిది.

ఎండీస్టాట్‌లో అన్ని డిస్కుల పక్కనా (ఎస్) అని వచ్చింది. అన్నీ స్పేర్ అయిపోయాయా?

లేదు. ఈ (ఎస్) చూసి భయపడనివాళ్లు తక్కువ. తెర మీద ఇలా ఉంటుంది:

ఎండీ127 : ఇనాక్టివ్ ఎస్‌డీబీ1[0](ఎస్) ఎస్‌డీసీ1[1](ఎస్)

రెయిడ్ ఇంకా లేవలేదు కాబట్టి ఎవరికీ డ్యూటీ వేయలేదు, అందుకే అందరినీ స్పేర్‌గా చూపిస్తోంది. అంతే. పైవరుసలో చూడాల్సింది ఇంకొకటి. మూడు డిస్కుల రెయిడ్5 (ఒక డిస్కు పోయినా తట్టుకునే రకం) అయితే మూడు పేర్లు ఉండాలి, ఇక్కడ రెండే ఉన్నాయి. మూడోది ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

డిస్కులు ఒక్కొక్కటే కనబడుతున్నకొద్దీ యూడెవ్ (డివైస్‌లు కనబడగానే గుర్తించే ప్రోగ్రామ్) వాటిని ఒక్కొక్కటే రెయిడ్‌లో చేరుస్తుంది. అందరూ వస్తే వెంటనే లేపుతుంది. ఒకరు తక్కువైతే 30 సెకన్లు చూసి, ఉన్నవాళ్లతో లేపడానికి ప్రయత్నించే టైమర్ ఒకటి సిస్టమ్‌డీలో ఉంటుంది. దాని పేరు ఎండీఏడీఎం-లాస్ట్-రిసార్ట్. అది కూడా పనిచేయకపోతే మీకు పైన కనిపించిన స్థితి మిగులుతుంది.

చేయాల్సింది: ఎండీఏడీఎం --స్టాప్ /డెవ్/ఎండీ127 కొట్టి ముందు దాన్ని దించండి. దించకుండా మళ్లీ కలపబోతే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటుంది, ఎందుకంటే ఆ సగం లేచిన రెయిడే డిస్కుల్ని పట్టుకుని ఉంది. తర్వాత ఎండీఏడీఎం --అసెంబుల్ --వెర్బోస్ /డెవ్/ఎండీ0, దాని వెనక మెంబర్ పేర్లన్నీ ఇచ్చి కొట్టండి. వెర్బోస్ తప్పకుండా ఇవ్వండి. ఏ డిస్కుని ఎందుకు కాదన్నదో అదే వరుసగా చెప్తుంది.

ఎండీ0 అని పెట్టాను, ఎండీ127 అని ఎందుకు వస్తోంది?

సిస్టమ్ దాన్ని పరాయి రెయిడ్ అనుకుంది. సూపర్‌బ్లాక్‌లో రెయిడ్ పేరుతోపాటు దాన్ని తయారుచేసిన మిషన్ హోస్ట్‌నేమ్ కూడా ఉంటుంది. మీరు సర్వర్ పేరు మార్చినా, డిస్కులు వేరే టవర్‌లోకి మార్చినా అది కలవదు. కాన్ఫిగ్ ఫైలులోనూ పేరు లేకపోతే 127 నుంచి కిందికి నంబర్లు ఇచ్చుకుంటూ వస్తుంది. డేటాకి ఏమీ కాదు. కాకపోతే ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ0 అని రాసి ఉంటే మౌంట్ ఆగిపోతుంది.

రెయిడ్ ఆరోగ్యంగా నడుస్తున్నప్పుడు ఎండీఏడీఎం --డీటెయిల్ --స్కాన్ కొట్టి, వచ్చిన వరుసని కాన్ఫిగ్ ఫైలులో పెట్టండి. డెబియన్, ఉబుంటులో అది /ఈటీసీ/ఎండీఏడీఎం/ఎండీఏడీఎం.కాన్ఫ్, రాకీ, ఆల్మా, రెడ్‌హ్యాట్‌లో /ఈటీసీ/ఎండీఏడీఎం.కాన్ఫ్. పాత వరుసలు తీసేసి పెట్టండి. ప్రతిసారీ కింద అతికించుకుంటూ పోతే ఒకే రెయిడ్‌కి నాలుగు వరుసలు, అందులో రెండు ఎప్పుడో చెరిపేసిన రెయిడ్‌వి ఉంటాయి.

కాన్ఫిగ్ సరిచేశాను, రీబూట్ చేస్తే మళ్లీ అదే కథ.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కొత్తగా కట్టలేదు. బూట్ మొదట్లో అసలు రూట్ డిస్కు (ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది) మౌంట్ కాకముందే ఒక చిన్న సిస్టమ్ మెమరీలోకి వస్తుంది. దాంట్లో కాన్ఫిగ్ ఫైలుకి ఒక నకలు ఉంటుంది. మీరు సరిచేసింది అసలు ఫైలు, బూట్ అప్పుడు చదివింది పాత నకలు. డెబియన్ వైపు అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ, రెడ్‌హ్యాట్ వైపు డ్రాకట్ -ఎఫ్ కొట్టాలి. ఈ ఒక్క పని మర్చిపోవడం వల్ల వచ్చే ఫోన్లే ఎక్కువ.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకొకటి కూడా చూడండి. రూట్ రెయిడ్ మీదే ఉంటే కెర్నల్ వరుసలో (లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కి బూట్ అప్పుడు ఇచ్చే సెట్టింగుల వరుస) ఆర్‌డీ.ఎండీ.యూయూఐడీ అని రెయిడ్ యూయూఐడీ రాసి ఉంటుంది. రెయిడ్ కొత్తగా కట్టి పాత యూయూఐడీ అక్కడే వదిలేస్తే డ్రాకట్ ఎంతసేపు చూసినా ఆ రెయిడ్ రాదు, చివరికి డ్రాకట్ షెల్‌లో వదిలేస్తుంది.

రెయిడ్5 అంటే ఒక డిస్కు పోయినా నడుస్తుందన్నారు కదన్నా. ఒక్కటే పోయింది, ఎందుకు లేవడం లేదు?

నడుస్తున్నప్పుడు ఒకటి పోతే నడుస్తుంది. కరెంటు పోవడం, డిస్కు పోవడం రెండూ ఒకేసారి జరిగితే లెక్క వేరు.

రెయిడ్5లో ఒక బ్లాక్ రాయాలంటే డేటా ఒక డిస్కులో, దాని ప్యారిటీ (పోయిన డేటాని తిరిగి లెక్క కట్టడానికి పనికొచ్చేది) ఇంకో డిస్కులో రాయాలి. ఈ రెండింటికీ మధ్య కరెంటు పోతే ఒకటి కొత్తది, ఒకటి పాతది మిగులుతాయి. డిస్కులన్నీ ఉంటే మళ్లీ లెక్క కట్టి సరిచేసుకుంటుంది. ఒక డిస్కు లేకపోతే దాని డేటాని ప్యారిటీ నుంచే లెక్క కట్టాలి, ఆ ప్యారిటీనే నమ్మలేని పరిస్థితి. అందుకే కెర్నల్ "కెనాట్ స్టార్ట్ డర్టీ డీగ్రేడెడ్ యారే" అని లాగ్‌లో రాసి చేతులెత్తేస్తుంది. డీఎంఈఎస్‌జీ (కెర్నల్ లాగ్ చూపే కమాండ్) కొడితే ఆ వరుస దొరికితే సంగతి ఇదే అని నిర్ధారించుకోవచ్చు.

దీనికి --అసెంబుల్ --ఫోర్స్ ఉంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఏవో కొన్ని బ్లాకులు చెడిపోయి ఉండొచ్చని ఒప్పుకుని లేపడమన్నమాట. మిగతా డేటా అంతా దక్కుతుంది కాబట్టి బేరం మంచిదే. కెర్నల్ వరుసలో ఎండీ_మాడ్.స్టార్ట్_డర్టీ_డీగ్రేడెడ్=1 అని శాశ్వతంగా పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. ఇలాంటి నిర్ణయం ఒక మనిషి లాగ్ చూసి తీసుకోవాలి, రాత్రి రెండింటికి సర్వర్ తనంతట తాను తీసుకోకూడదు.

ఫోర్స్ ఇవ్వొచ్చా లేదా అని ఎలా తెలుస్తుంది?

ఎగ్జామిన్ తీసి పెట్టుకోమన్నది ఇందుకే. ఒక్కో డిస్కులో ఈవెంట్స్ అని ఒక సంఖ్య, అప్‌డేట్ టైమ్ అని ఒక సమయం, యారే స్టేట్ అని ఇంగ్లిష్ ఏ అక్షరాలు (ఉన్న డిస్కులు), చుక్కలతో (లేనివి) ఒక వరుస ఉంటాయి. రెయిడ్ స్థితి మారినప్పుడల్లా ఈవెంట్స్ పెరుగుతుంది.

ఉదాహరణకు నాలుగు డిస్కుల రెయిడ్5లో మూడింట్లో 48211, ఒకదాంట్లో 48209, నాలుగింట్లోనూ సమయం ఒకే నిమిషంలో ఉందనుకోండి. అది కరెంటు పోయిన తేడా. ఫోర్స్ ఇస్తే ఇబ్బంది లేదు. అదే మూడింట్లో 48211, ఒకదాంట్లో 31870, దాని అప్‌డేట్ టైమ్ సంక్రాంతి నాటిది అయితే, ఆ డిస్కు అప్పుడే బయటికి వెళ్లిపోయింది, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మిగతా మూడింటి పేర్లు మాత్రమే ఇచ్చి లేపాలి. అన్నీ ఇచ్చి ఫోర్స్ కొట్టినా ఎండీఏడీఎం కొత్తవాటినే ముందు తీసుకుంటుంది. అయినా మీరే పేర్లు ఇవ్వడం మంచిది.

కష్టం ఎక్కడంటే, రెండు డిస్కులు పాతబడిపోయి, వాటిలో ఒకటి తప్పనిసరిగా కావాల్సి వచ్చినప్పుడు. అప్పుడు రెండింట్లో ఈవెంట్స్ ఎక్కువున్నదాన్ని తీసుకోవాలి. దానికి ముందు అన్ని డిస్కులకీ డీడీరెస్క్యూతో నకళ్లు తీసి, నకళ్ల మీదే పనిచేయాలి. అన్ని ఖాళీ డిస్కులు లేకపోతే డీఎంసెటప్ స్నాప్‌షాట్‌తో ఓవర్‌లే వేసుకునే పద్ధతి ఉంది. మీరు రాసేవన్నీ వేరే ఫైలులోకి పోతాయి, అసలు డిస్కు చెక్కుచెదరదు. తప్పు జరిగినా ఓవర్‌లే తీసేస్తే మొదటికొస్తారు.

ఏ దారిలో లేపినా మొదటి మౌంట్ రీడ్-ఓన్లీగానే. ఈఎక్స్‌టీ4 అయితే ఆర్‌ఓ, నోలోడ్. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆర్‌ఓ, నోరికవరీ. పది ఫైళ్లు తెరిచి చూసి, ముఖ్యమైనవి బయటికి కాపీ చేసుకున్నాకే రిపేర్ కమాండ్ల జోలికి వెళ్లండి.

యూట్యూబ్‌లో ఒకాయన --క్రియేట్ --అజ్యూమ్-క్లీన్ కొడితే వచ్చేసిందన్నాడు.

ఆయనకి వచ్చి ఉంటుంది. క్రియేట్ అంటే పాత సూపర్‌బ్లాకుల మీద కొత్తవి రాయడం. డిస్కుల వరుస, చంక్ సైజు, మెటాడేటా వెర్షన్, లేఅవుట్, డేటా ఆఫ్‌సెట్ అన్నీ పాతవాటితో అచ్చంగా కలిస్తేనే డేటా కనిపిస్తుంది. పాత ఎండీఏడీఎంలో చంక్ 64 కేబీ, ఇప్పుడు ఏమీ చెప్పకపోతే 512 కేబీ. డేటా ఆఫ్‌సెట్ కూడా వెర్షన్ని బట్టి మారుతూ వచ్చింది. అజ్యూమ్-క్లీన్ మర్చిపోతే ఇంకా ఘోరం, వెంటనే రీసింక్ (డిస్కుల్ని ఒకదానితో ఒకటి సరిపోయేలా మళ్లీ రాయడం) మొదలై పాత డేటా మీద రాసుకుంటూ పోతుంది. సూపర్‌బ్లాకులు నిజంగానే చెరిగిపోయి, పాత ఎగ్జామిన్ వివరాలు చేతిలో ఉండి, ఓవర్‌లే మీద మాత్రమే దీన్ని వాడాలి.

సర్వర్ బాగానే లేచింది, కానీ లోపల మూడు నెలల నాటి డేటా ఉంది. ఇదేం మాయ?

లేవకపోవడం కంటే ఇది ప్రమాదం. రెయిడ్1లో (అన్ని డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే రకం) ఇలా జరుగుతుంది.

రెండు డిస్కుల్లో ఒకటి మూడు నెలల కింద ఏదో కేబుల్ లూజై బయటికి పోయింది. రెండోది ఒంటరిగా నడుస్తూ వచ్చింది. ఈరోజు కరెంటు వచ్చాక ఆ నడుస్తున్నది కనబడలేదు, పాతది మాత్రం కనబడింది. పాత డిస్కు సూపర్‌బ్లాక్ దృష్టిలో ఇద్దరూ బాగానే ఉన్నారు, ఎందుకంటే తనని తీసేశారన్న సంగతి దాని మీద రాసే అవకాశమే రాలేదు. అందుకని అది ఒంటరిగా లేచి మూడు నెలల కిందటి లోకాన్ని చూపిస్తుంది.

ఇది గమనించిన నిమిషంలోనే బిల్లింగ్ ఆపించి సర్వర్ దించండి. ఎందుకంటే ఇప్పుడు దీని మీద కొత్త బిల్లులు పడితే, రెండు డిస్కుల్లోనూ ఒకదాంట్లో లేనివి ఇంకోదాంట్లో ఉంటాయి. అలాంటి రెండింటినీ కలిపే కమాండ్ ఏదీ లేదు. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాంట్లోని కొత్త ఎంట్రీలు చేత్తో ఎక్కించుకోవాల్సిందే. పాత డిస్కుని విప్పి పక్కన పెట్టి, కొత్తదానితో ఒంటరిగా లేపండి. అంతా చూసుకున్నాకే పాతదాని మీద --జీరో-సూపర్‌బ్లాక్ కొట్టి ఖాళీ డిస్కులా మళ్లీ చేర్చండి.

పొద్దున్నే ఆన్ చేస్తే రెండు డిస్కులు కనబడవు. రీస్టార్ట్ కొడితే అన్నీ వస్తాయి.

ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైను మీద సుమారు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరు డిస్కులు ఒకేసారి లేస్తే ఆ ఒక్కదానికే 12 ఆంపియర్లు. క్యాబినెట్‌తోపాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ ఆ దెబ్బకి వోల్టేజ్ దించేస్తుంది, బలహీనమైన డిస్కులు లేవవు. రీస్టార్ట్‌లో అవి అప్పటికే తిరుగుతుంటాయి కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఒకే పవర్ వైరుని స్ప్లిటర్లతో నాలుగు డిస్కులకి పంచిన చోట కూడా ఇదే కథ. హెచ్‌బీఏ కార్డు (ఎక్కువ డిస్కులు తగిలించుకునే కార్డు) ఉన్నవాళ్లకి డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి లేచేలా సెట్టింగ్ ఉండొచ్చు. అప్పుడు కెర్నల్ వరుసలో రూట్‌డిలే పెంచాలి, లేకపోతే ఆఖరి డిస్కు లేవకముందే సిస్టమ్ ఓపిక అయిపోతుంది.

"నో ఎండీ సూపర్‌బ్లాక్ డిటెక్టెడ్" అంటోంది.

ముందు ఎస్‌డీబీ మీద చూశారా, ఎస్‌డీబీ1 మీద చూశారా? పార్టిషన్‌ని రెయిడ్‌లో చేర్చి ఉంటే సూపర్‌బ్లాక్ పార్టిషన్ మీదే ఉంటుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

మిగతా సగంలో, పార్టిషన్ లేకుండా డిస్కు మొత్తాన్ని రెయిడ్‌కి ఇచ్చి ఉంటారు. అలాంటి డిస్కుని ఖాళీది అనుకుని విండోస్ గానీ, కొన్ని మదర్‌బోర్డుల ఫర్మ్‌వేర్ గానీ జీపీటీ టేబుల్ (పార్టిషన్ల పట్టిక) రాసేస్తాయి. జీపీటీ డిస్కు మొదటి 17 కేబీ దాకా ఆక్రమిస్తుంది. 1.2 మెటాడేటా సూపర్‌బ్లాక్ ఉండేది సరిగ్గా 4 కేబీ దగ్గర. అది నేరుగా తుడిచిపెట్టుకుపోతుంది. దాని వెనక డేటా మాత్రం అలాగే ఉంటుంది. ఒక్క డిస్కుకే జరిగితే మిగతావాటితో లేపి దీన్ని కొత్తగా చేర్చుకోవచ్చు. అన్నిటికీ జరిగితే పైన చెప్పిన ఓవర్‌లే మీద క్రియేట్ తప్ప దారి లేదు. కొత్తగా కట్టేవాళ్లు డిస్కుకి ఒక పార్టిషన్ వేసి, దాన్ని లైనక్స్ రెయిడ్ రకంగా గుర్తుపెట్టి ఇవ్వండి.

పాత సర్వర్ అప్‌గ్రేడ్ చేశాక రెయిడ్0 లేవడం లేదు.

డిస్కుల సైజులు వేరువేరా? అయితే కారణం ఇది. వేర్వేరు సైజుల డిస్కుల రెయిడ్0లో (డేటాని ముక్కలుగా పరిచే, నకలు ఉంచని రకం) డేటా పరిచే పద్ధతి కెర్నల్ 3.14లో పొరపాటున మారిపోయింది. 5.4 నుంచి, ఏ పద్ధతో మీరు చెప్పేదాకా కెర్నల్ దాన్ని లేపదు. 3.14 కంటే పాత కెర్నల్ మీద డేటా రాసి ఉంటే రెయిడ్0.డిఫాల్ట్_లేఅవుట్=1, తర్వాతిదైతే 2. తప్పు సంఖ్య ఇచ్చి రాస్తే డేటా పాడవుతుంది కాబట్టి ముందు రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి చూడండి. అసలు ముఖ్యమైన డేటా రెయిడ్0 మీద ఎందుకు పెట్టారన్నది వేరే చర్చ.

రెయిడ్1లో మొదటి డిస్కు పోయింది. రెండోదాంట్లో అంతా ఉంది కదా, గ్రబ్ కూడా రావడం లేదేం?

రెయిడ్ నకలు తీసేది దాని లోపలి డేటానే. పాత బయోస్ పద్ధతిలో గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) మొదటి ముక్క రెయిడ్‌కి బయట, డిస్కు మొదట్లో ఉంటుంది. గ్రబ్-ఇన్‌స్టాల్ రెండు డిస్కుల మీదా కొట్టి ఉండాలి. యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) అయితే ఈఎస్‌పీ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండేది) రెండు డిస్కుల్లోనూ ఉంచి, రెండింటికీ బూట్ ఎంట్రీ పెట్టాలి.

"ఆటో-రీడ్-ఓన్లీ" అని ఉంది. పాడైందా?

లేదు. ఇంకా ఎవరూ రాయలేదని అర్థం. మొదటి రైట్ పడగానే పోతుంది.

డిస్కు స్మార్ట్ టెస్ట్‌లో బాగుంది, రెయిడ్ మాత్రం పదేపదే బయటికి తోస్తోంది.

డెస్క్‌టాప్ డిస్కులతో వచ్చే తలనొప్పి ఇది. ఒక సెక్టార్ చదవడం కష్టమైతే అలాంటి డిస్కు నిమిషం పైన కూడా ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. కెర్నల్ 30 సెకన్లే ఆగుతుంది. జవాబు రాలేదని లింక్ రీసెట్ చేస్తుంది, ఎండీ (కెర్నల్‌లో రెయిడ్ చూసే భాగం) ఆ డిస్కుని చెడిపోయిందని తీసేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 కొడితే డిస్కు 7 సెకన్లలో తేల్చి చెప్తుంది. ఆ సౌకర్యం లేదని డిస్కు అంటే /సిస్/బ్లాక్ కింద ఆ డిస్కు టైమౌట్‌ని 180కి పెంచండి. చాలా డిస్కుల్లో ఈ సెట్టింగులు కరెంటు పోతే పోతాయి, ప్రతి బూట్‌లోనూ పడేలా స్క్రిప్ట్ పెట్టుకోవాలి. నిఘా కెమెరాలకో నాస్‌కో అమ్మే డిస్కులు కొంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

కొత్త డిస్కు వచ్చేదాకా నడపొచ్చా? ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది?

కర్నూలువాళ్లకి సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ల మార్కెట్) నుంచి, అనంతపురంవాళ్లకి బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి రాత్రి బస్సు పార్సిల్‌లో పొద్దున్నకల్లా డిస్కు దొరుకుతుంది. ఆ ఒక్క రాత్రి రెయిడ్ దించి ఉంచడమే మేలు. తప్పదంటే ముందు బ్యాకప్ తీసి నడపండి. పార్సిల్‌లో బబుల్ ర్యాప్ బాగా చుట్టమని చెప్పండి, విప్పగానే స్మార్ట్ లాంగ్ టెస్ట్ ఒకటి పెట్టండి. సైజు పాతదానికంటే ఒక్క ఎంబీ తగ్గినా రెయిడ్ తీసుకోదు.

రీబిల్డ్ సమయం డిస్కు వేగాన్ని బట్టి. 4 టీబీ డిస్కు సెకనుకి 150 ఎంబీ చొప్పున రాస్తే ఏడున్నర గంటలు, పక్కన పని కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటలన్నీ మిగతా డిస్కులు ఆగకుండా చదువుతూ ఉంటాయి, వేడెక్కుతాయి. ఏప్రిల్, మేలో కర్నూలు ఎండకి ఏసీ లేని గదిలో మధ్యాహ్నం రీబిల్డ్ మొదలుపెట్టకండి. సాయంత్రం పెట్టి, క్యాబినెట్ పక్క తలుపు తీసి ఫ్యాన్ తిప్పండి.

పోయింది డిస్కు కాదు, కేబులే అయితే, రెయిడ్‌కి రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టిక) ఉంటే, --రీ-యాడ్ కొట్టండి. మారిన బ్లాకులే రాసుకుని నిమిషాల్లో అయిపోతుంది. బిట్‌మ్యాప్ లేకపోతే ఎండీఏడీఎం --గ్రో --బిట్‌మ్యాప్=ఇంటర్నల్ అని ఇప్పుడైనా పెట్టుకోవచ్చు.

మాకు ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడే ఎందుకు వస్తుంది ఈ సమస్య?

ఇన్వర్టర్ ముందో వెనకో చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు ఎకో, ఇంకోవైపు యూపీఎస్. ఎకోలో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారేలోపు ఫ్యాన్‌కి ఏమీ తెలియదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. స్విచ్ మార్చి చూడండి. సర్వర్‌కి వేరే యూపీఎస్ పెట్టి, బ్యాటరీ అడుగంటకముందే సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా నట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కలపడం ఇంకా మంచిది.

రెయిడ్ డిస్కులు బయటి యూఎస్‌బీ బాక్సులో ఉన్నవాళ్లు దాని అడాప్టర్ ఎక్కడ గుచ్చారో వెళ్లి చూడండి. సర్వర్ యూపీఎస్ మీద, అడాప్టర్ గోడ ప్లగ్గులో ఉన్న సెటప్పులు ఊళ్లో చాలానే ఉన్నాయి. కరెంటు పోగానే సర్వర్ బతికే ఉంటుంది, డిస్కులన్నీ రాస్తుండగా ఒక్కసారిగా మాయమవుతాయి. రెయిడ్ అన్నివిధాలా చెడేది ఇలాంటప్పుడే.

డిస్కు పోయిందని ముందే తెలిసే దారి లేదా?

ఉంది. కాన్ఫిగ్‌లో మెయిల్‌అడ్ర్ అని మీ మెయిల్ రాసి, ఎండీఏడీఎం --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్ కొట్టండి. పరీక్ష మెయిల్ రావాలి. సర్వర్‌లో మెయిల్ పంపే ఏర్పాటే లేక ఆ హెచ్చరికలన్నీ ఎవరూ చూడని లోకల్ మెయిల్‌బాక్సులో పేరుకుపోయి ఉండడం మామూలు. మెయిల్ కుదరకపోతే ప్రోగ్రామ్ అనే వరుసలో ఒక స్క్రిప్ట్ ఇచ్చి టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపించుకోవచ్చు.

రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్‌ని రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ అదే క్షణంలో డిలీట్ చేస్తుంది. బ్యాకప్ డిస్కు ఇంకో చోట ఉండాలి, కింది అంతస్తులో మాత్రం వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు వీధుల్లోకి ఎంత ఎత్తున వచ్చాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అంతా సరైంది. మళ్లీ రీబూట్ చేసి చూడాలంటే భయంగా ఉంది.

చూడాలి, అదీ మీరు ఎదురుగా ఉన్నప్పుడే. ఎండీస్టాట్‌లో రీసింక్ పూర్తయి అన్ని డిస్కులకీ ఇంగ్లిష్ యూ అక్షరం వచ్చాక, బ్యాకప్ తీసి, ఓపీ అయిపోయిన తర్వాతో షాపు కట్టేశాకో చేయండి. మామూలు రీబూట్ ఒకటి సరిపోదు. సర్వర్ షట్‌డౌన్ చేసి, వెనక పవర్ వైరు పీకి, రెండు నిమిషాలు ఆగి పెట్టండి. రెయిడ్1, రెయిడ్5 అయితే ఇంకోసారి షట్‌డౌన్ చేసి, ఒక డిస్కు డేటా కేబుల్ తీసి ఆన్ చేయండి. రెయిడ్ డీగ్రేడెడ్‌గా లేచి, మీ ఫోన్‌కి హెచ్చరిక వచ్చిందో లేదో చూసి, మళ్లీ దించి కేబుల్ పెట్టి --రీ-యాడ్ కొట్టండి. బిట్‌మ్యాప్ ఉంటే మీరు టీ తాగి వచ్చేలోపు కలిసిపోతుంది.